మాటకు పూచీ: మీర్జా రాజా జైసింగ్ ఎవరి మనిషి?

శివాజీ కథ చదివిన వాళ్లందరికీ జైసింగ్ పేరు తెలుసు. పురందర్ కోటను ముట్టడించి, శివాజీ దగ్గర్నుంచి 23 కోటలు రాయించుకుని, చివరికి ఆయన్ని ఆగ్రాకు పంపిన రాజపుత్ర సేనాని. కథ ఆయన్ని అక్కడితో వదిలేస్తుంది. ఆ తర్వాత ఆయన గురించి వినిపించేవి రెండే మాటలు. ఔరంగజేబుకు అమ్ముడుపోయిన హిందూ రాజని కొందరంటారు. తిన్న ఉప్పుకు కట్టుబడ్డ వీరుడని ఇంకొందరంటారు.

రెండో మాట నిలబడదు. 1658లో ఆయన తను ఉప్పు తిన్న షాజహాన్ మనవణ్ణే నడిదారిలో వదిలేసి అవతలి పక్షంలో చేరాడు. మొదటి మాట నిలబడాలంటే, అమ్ముడుపోకముందు ఆయనకంటూ విడిగా ఒక రాజ్యం ఉండాలి. అలాంటిది లేదు. ఆంబేర్ గద్దె ఆయనకు మొఘల్ కొలువులోంచే దక్కింది. ఇది అర్థం కావాలంటే జైసింగ్ కన్నా వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇప్పటి జైపూర్ పక్కనున్న ఆంబేర్ పదహారో శతాబ్దం మధ్యలో ఒక చిన్న సంస్థానం. కఛ్వాహా వంశంలో గద్దె కోసం దాయాదుల గొడవ. రాజు భార్మల్ మీద అతని అన్న కొడుకు సూజా తిరగబడ్డాడు. సూజా తరఫున మేవాత్ ప్రాంతపు మొఘల్ అధికారి షరఫుద్దీన్ వచ్చి, భార్మల్ కొడుకునీ అతని అన్నదమ్ముల కొడుకులిద్దర్నీ బందీలుగా పట్టుకుపోయాడు. 1562లో అజ్మీర్ యాత్రకు వెళ్తున్న అక్బర్‌ను భార్మల్ కలిసి, కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. బందీలు విడుదలయ్యారు, సూజా పీడ వదిలింది. ఈ సంబంధాన్ని మతసామరస్యానికి మొదటి మెట్టని రాసేవాళ్లున్నారు, అవమానమని రాసేవాళ్లూ ఉన్నారు. భార్మల్ వైపు నుంచి చూస్తే అది దాయాది తగాదాలో గెలవడానికి దొరికిన దారి. అతని మనవడు మాన్‌సింగ్ హల్దీఘాటీలో మొఘల్ సేనకు నాయకుడయ్యాడు, కాబూల్, బిహార్, బెంగాల్ సుబాలు (మొఘల్ రాష్ట్రాలు) ఏలాడు, 7000 మన్సబ్ (మొఘల్ కొలువులో హోదా అంకె) దాకా ఎదిగాడు. ఆంబేర్ ఒక పెద్ద పేరైంది ఆ తరంలోనే.

ఇక్కడ మన్సబ్ లెక్క కొంచెం చూడాలి. అది తెలియకపోతే రాజు, సేనాని అనే రెండు పనులు ఒకే మనిషి ఎలా చేశాడో అర్థం కాదు.

ప్రతి మన్సబ్దారుకూ రెండు అంకెలుంటాయి. జాత్ అనేది అతని హోదా, దాన్నిబట్టి సొంత జీతం. సవార్ అనేది అతను పోషించాల్సిన గుర్రపు రౌతుల సంఖ్య, దాన్నిబట్టి సైన్యం ఖర్చు. షాజహాన్ కాలంలో ఒక్కో సవార్‌కు ఏడాదికి 8000 దాములు, అంటే 200 రూపాయల లెక్క. బాగా నమ్మకమున్నవాళ్లకు సవార్ అంకెలో కొంత భాగాన్నో మొత్తాన్నో ‘దో అస్పా సిహ్ అస్పా’ చేసేవారు. దానికి బాధ్యతా రెట్టింపే, సొమ్మూ రెట్టింపే. జైసింగ్ చివరికి 7000 జాత్, 7000 సవార్, సవార్ అంతా దో అస్పా సిహ్ అస్పా దాకా వచ్చాడు. సైన్యం పద్దు కిందే ఏడాదికి 28 లక్షల రూపాయలు. ఇది కాగితం మీది అంకె. చేతికొచ్చేది చాలా తక్కువ కాబట్టే, అంకెలో మూడో వంతో నాలుగో వంతో రౌతుల్ని చూపిస్తే చాలని షాజహాన్ రూలు పెట్టాడు.

ఈ సొమ్ము ఎక్కువగా నగదుగా రాదు, ఊళ్ల రాబడిగా వస్తుంది. మన కాకతీయుల నాయంకరం (సైన్యం పోషించినందుకు ఊళ్లివ్వడం) గురించి చదివినవాళ్లకు ఇందులో సగం తెలిసినట్టే ఉంటుంది. తేడా ఏంటంటే మొఘల్ జాగీరు మూడు నాలుగేళ్లకోసారి చేతులు మారిపోతుంది. ఎవరికీ ఏ ఊళ్లోనూ వేళ్లు దిగకూడదన్నది దాని ఉద్దేశం. రాజపుత్ర రాజులకు మాత్రం ఒక మినహాయింపు ఉంది: పుట్టిన గడ్డను ‘వతన్ జాగీరు’ పేరుతో వాళ్లకే ఉంచుతారు, మార్చరు. మన్సబ్ పెరిగేకొద్దీ వతన్ రాబడి చాలదు, మిగతాది వేరే సుబాల్లో మారే జాగీర్లుగా ఇస్తారు. అంటే ఆంబేర్ రాజు పోషించే సైన్యంలో పెద్ద భాగానికి డబ్బు ఆంబేర్ నుంచి రాదు. ఆ సైన్యమంతా కఛ్వాహా దాయాదులూ వాళ్ల మనుషులే. వాళ్లకు జీతాలూ భూములూ ఇవ్వగలిగినంత కాలమే వాళ్లు రాజు మాట వింటారు. పాదుషా కొలువు పోతే ఇంట్లో రాజరికం కూడా కదిలిపోతుంది.

వారసత్వం కూడా పాదుషా చేతిలోనే. 1614లో దక్కనులో మాన్‌సింగ్ చనిపోయినప్పుడు జహంగీర్ ఏం చేశాడో తన జ్ఞాపకాల్లో దాపరికం లేకుండా రాసుకున్నాడు. వాళ్ల ఆచారం ప్రకారం పెద్దకొడుకు కొడుకైన మహాసింగ్‌కే గద్దె దక్కాలి, అయినా తను యువరాజుగా ఉన్నప్పటి నుంచీ సేవచేసిన భావ్‌సింగ్‌కే ఇచ్చానంటాడు. మహాసింగ్‌ను బుజ్జగించడానికి మన్సబ్ 500 పెంచాడు. మహాసింగ్ 1617లో, భావ్‌సింగ్ 1621లో పోయారు, ఇద్దరూ తాగుడుతోనే. భావ్‌సింగ్‌కు కొడుకుల్లేరు. అలా తిరిగి తిరిగి గద్దె మహాసింగ్ కొడుక్కి వచ్చింది. పదేళ్ల ఆ పిల్లవాడే జైసింగ్, పుట్టింది 1611లో. తండ్రికి న్యాయంగా రావలసింది పాదుషా ఇష్టంతో పోయిందనీ, తనకు మళ్లీ ఆ ఇష్టంతోనే వచ్చిందనీ తెలిసి పెరిగినవాడు.

పెద్దయ్యాక ఆయన చూసిన యుద్ధాల చిట్టా పొడవు: దక్కను, బల్ఖ్, కందహార్. 1633లో ఆగ్రాలో ఏనుగుల పోరులో ఒక మదపుటేనుగు పద్నాలుగేళ్ల ఔరంగజేబు మీదికి దూసుకొస్తే, జైసింగ్ బెదురుతున్న గుర్రాన్ని ఒక చేత్తో అదుపు చేస్తూ రెండో చేత్తో ఏనుగు మీదికి ఈటెతో వెళ్లాడు. 1639లో షాజహాన్ ‘మీర్జా రాజా’ బిరుదిచ్చాడు. అంతకుముందు అది భావ్‌సింగ్‌కు దక్కిన బిరుదు. మీర్జా అంటే మొఘల్ కులీనుడు, రాజా అంటే తెలుసు కదా.

నాకు యుద్ధాల కన్నా ఆసక్తిగా అనిపించేవి రాళ్ల గొడవలు. తాజ్‌మహల్ కట్టిన స్థలం మాన్‌సింగ్ కాలం నుంచీ ఆంబేర్ వాళ్ల హవేలీ ఉన్న చోటు. షాజహాన్ అడిగితే జైసింగ్ ఊరికే ఇస్తానన్నాడట, కానీ పాదుషా ఆగ్రాలో నాలుగు హవేలీలు బదులుగా ఇచ్చాడు. ఆ ఫర్మానా 1633 నాటిది, ఇప్పటికీ ఉంది. పాలరాయి వచ్చే మక్రానా గనులూ రాజస్థాన్‌లోనివే కాబట్టి, రాళ్లకు బండ్లు సమకూర్చమని జైసింగ్‌కు ఫర్మానాలు వెళ్లేవి. 1637 నాటి ఒక ఫర్మానాలో మాత్రం పాదుషా గొంతు మారుతుంది. మీ మనుషులు రాళ్లు కొట్టేవాళ్లను ఆంబేర్‌లోనూ రాజ్‌నగర్‌లోనూ పోగేసుకుంటున్నారని, మక్రానాలో పనివాళ్లు దొరకడం లేదని, వెంటనే పంపమని. ఆంబేర్ కోటలోని అద్దాల మేడ, దివాన్-ఇ-ఆమ్ జైసింగ్ కట్టించినవే. పాదుషా కట్టిస్తున్న సమాధికి రాయి మోయిస్తూనే తన మేడకు పనివాళ్లను అట్టే పెట్టుకోవడం ఆ సంబంధంలో మామూలు విషయం. ఎదురుతిరగడు, అన్నీ ఒప్పుకోడు.

ఇలాంటి కొలువులో రాజపుత్రుడి నుంచి మొఘలులు కొనుక్కున్నది కత్తి ఒక్కటే అయితే దానికి ఇంత ఖర్చు అక్కర్లేదు. కత్తులు మధ్య ఆసియా నుంచీ వచ్చేవి, అఫ్గాన్ల దగ్గరా దొరికేవి. జైసింగ్ దగ్గర ఉన్న అరుదైన సరుకు ఆయన మాట. కొండ రాజులూ జమీందార్లూ రాజపుత్రులూ పాదుషా ఫర్మానాను నమ్మకపోయినా, ఫలానా రాజు ప్రమాణం చేశాడంటే నమ్మి బయటికి వచ్చేవారు. ఆయన చివరి పదేళ్లూ ఈ పూచీ మీదే నడిచాయి.

1657లో షాజహాన్ జబ్బుపడగానే నలుగురు కొడుకుల యుద్ధం మొదలైంది. జైసింగ్‌ను షాజహాన్ పెద్దకొడుకు దారా కొడుకైన సులేమాన్ షికోకు తోడుగా తూర్పుకు పంపారు. 1658 ఫిబ్రవరిలో కాశీ దగ్గర బహదూర్‌పూర్‌లో షాజహాన్ రెండో కొడుకు షుజాను ఓడించారు. కానీ వాళ్లు తిరిగొచ్చేలోపు మే నెలాఖరున సామూగఢ్‌లో దారాను ఔరంగజేబు చితక్కొట్టాడు. ఆ వార్త దారిలో అందింది. జైసింగ్ సులేమాన్‌కు ఏదో సలహా చెప్పి, తన సైన్యంతో విడిపోయి ఔరంగజేబు దగ్గరికి వెళ్లిపోయాడు.

దారా మీద ఆయనకు ముందునుంచీ మంట ఉంది. 1653 కందహార్ ముట్టడిలో ఇద్దరికీ పొసగలేదు. ఇటలీ నుంచి వచ్చి దారా ఫిరంగి దళంలోనూ తర్వాత జైసింగ్ దగ్గరా పనిచేసిన మనూచీ, దారా ఈయన్ని పాటగాడిలా ఉన్నావని దర్బారులో వెక్కిరించాడని రాశాడు. అయినా నేను దీన్ని పగ కిందికి నెట్టను. తండ్రి కళ్ల ముందు గద్దె పోయిన కుటుంబంలో పుట్టినవాడికి, ఢిల్లీ ఎవరిదో తేలిపోయిన రోజున ఎటు నిలబడాలో చెప్పడానికి పగ అవసరం లేదు. ఆ కుటుంబం విధేయత సింహాసనానికి, దాని మీద కూర్చున్న మనిషికి కాదు. దీన్ని అవకాశవాదం అనొచ్చు. అది తప్పని నేను అనను, కానీ ఆ వారాల్లో అదే పనిచేసిన ముస్లిం అమీర్లను మనం ద్రోహులనడం చాలా అరుదు. ఆయనతో పాటే సులేమాన్‌ను వదిలి వచ్చిన దిలేర్ ఖాన్‌ను ఎవరూ తిట్టిపోయడం నేను వినలేదు.

కొత్త పాదుషాకు ఆయన మాట వెంటనే పనికొచ్చింది. 1659లో మార్వాడ్ రాజు జస్వంత్‌సింగ్ దారాతో కలవడానికి సిద్ధమయ్యాడు. కలిస్తే యుద్ధం మళ్లీ మొదటికొచ్చేది. జైసింగ్ ఉత్తరం రాశాడు: ఆగిపో, క్షమాపణ ఇప్పిస్తాను, మన్సబ్ తిరిగి ఇప్పిస్తాను. జస్వంత్ ఆగిపోయాడు. దారా అజ్మీర్ దగ్గర ఒంటరిగా ఓడిపోయాడు. జస్వంత్‌కు క్షమాపణతో పాటు గుజరాత్ సుబా కూడా దక్కింది. ఈ పూచీ చెల్లింది.

తర్వాతది అంత శుభ్రంగా లేదు. సులేమాన్ గఢ్వాల్ కొండల్లో శ్రీనగర్ రాజు పృథ్వీసింగ్ దగ్గర తలదాచుకున్నాడు. శరణన్నవాణ్ణి ఇవ్వనని రాజు మొండికేశాడు. జైసింగ్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, బెదిరింపూ ఆశా కలిపి వాడి, చివరికి ఆ రాజు కొడుకుని లొంగదీశాడు. సులేమాన్‌ను ఢిల్లీకి తీసుకొచ్చింది జైసింగ్ కొడుకు రామ్‌సింగ్. నల్లమందు నీళ్లు తాగించి నెమ్మదిగా చంపొద్దని సులేమాన్ వేడుకుంటే ఔరంగజేబు సరేనన్నాడని, తర్వాత గ్వాలియర్ కోటలో అదే తాగించారని ఫ్రెంచి వైద్యుడు బెర్నియే రాశాడు.

దక్కను కథ 1664లో మొదలవుతుంది. అంతకుముందు ఏడాది శివాజీ పూణెలో షాయిస్తా ఖాన్ పడకగదిలోకి చొరబడ్డాడు, 1664 జనవరిలో సూరత్‌ను దోచాడు. సెప్టెంబరు 30న ఔరంగజేబు జైసింగ్‌ను నియమించాడు. 53 ఏళ్ల సేనాని పని మొదలుపెట్టిన తీరు చూస్తే ఇంతమంది విఫలమైన చోట ఆయన ఎందుకు గెలిచాడో తెలుస్తుంది. ముందు అధికారమంతా తన చేతికే ఇవ్వమన్నాడు. యుద్ధంలో తల ఒక్కటే ఉండాలన్నాడు, జాగీర్లిచ్చే పనీ ఖర్చుల పద్దూ తన కిందికి తెప్పించుకున్నాడు. తర్వాత ఉత్తరాలు. జంజీరా సిద్దీలకు, గోవా పోర్చుగీసులకు, కొంకణం చిన్న రాజులకు, శివాజీ చంపిన అఫ్జల్ ఖాన్ కొడుక్కి. శివాజీకి గిట్టనివాళ్లెవరెవరో వాళ్లందరికీ. 1665 మార్చి 3న పూణె చేరి, చెల్లాచెదురుగా దాడులు చెయ్యకుండా నేరుగా పురందర్ మీదికి వెళ్లాడు. పక్కనే ఉన్న వజ్రగఢ్ ఏప్రిల్ మధ్యలో పడింది. పురందర్ కోట నాయకుడు మురార్‌బాజీ పోరాడి చనిపోయాడు.

శివాజీ తన మనిషి రఘునాథ్ పండిత్‌ను రాయబారం పంపాడు. ప్రాణహాని లేదని జైసింగ్ ప్రమాణం చేశాక, జూన్ 11న ఆయుధం లేకుండా డేరాకు వచ్చాడు. సరిగ్గా అప్పుడే కోట మీద దాడి డేరాలోంచి కనిపించేలా జైసింగ్ ముందే ఏర్పాటు చేయించాడు. తన మనుషులు చనిపోవడం చూసిన శివాజీ కోట ఇచ్చేస్తానన్నాడు. ఏడాదికి 4 లక్షల హొన్నుల రాబడి వచ్చే 23 కోటలు పాదుషాకు, లక్ష హొన్నులొచ్చే 12 కోటలు శివాజీకి. హొన్నంటే మన వరహా. మన్సబ్ 5000 ఎనిమిదేళ్ల శంభాజీకి ఇచ్చారు. తను స్వయంగా దర్బారులో నిలబడి కొలువు చెయ్యలేనన్న శివాజీ మాటను జైసింగ్ ఒప్పుకున్నాడు. ఈ చివరి షరతు గుర్తుంచుకోవాలి.

ఆ రోజుల్లో శివాజీ జైసింగ్‌కు రాశాడని చెప్పే ఒక పారశీక పద్య లేఖ ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంది. దాని ప్రామాణికత మీద చరిత్రకారులకు గట్టి అనుమానాలున్నాయి కాబట్టి ఇక్కడ వాడటం లేదు. ఆ ఎత్తిపొడుపు కావాలంటే ఆంబేర్ ఆస్థానంలోనే ఉంది. జైసింగ్ కొలువు కవి బిహారీ ఒక దోహాలో డేగతో అంటాడు: పరాయి చేతి మీద కూర్చుని తోటి పక్షుల్ని చంపకు, అందులో నీకు లాభమూ లేదు, పుణ్యమూ లేదు. అది జైసింగ్‌ను ఉద్దేశించిందేనని సంప్రదాయం. అది నిజమే అయితే, అలాంటి మాట అన్న కవిని ఆ రాజు కొలువులోనే ఉంచుకున్నాడన్నమాట.

పురందర్ తర్వాత బీజాపూర్. 1665 నవంబరులో దాదాపు 40 వేల మొఘల్ సైన్యంతో, పక్కన శివాజీ దళంతో బయల్దేరాడు. డిసెంబరు చివరికి నగరం దగ్గర్లోకి వచ్చేసరికి చుట్టూ కోసుల మేర బావులు చెడగొట్టి, చెరువులు ఖాళీ చేసి, చెట్లు నరికేసి ఉన్నాయి. వేగం కోసం పెద్ద ఫిరంగుల్ని వెనక వదిలేసి రావడం ఆయన చేసిన పెద్ద పొరపాటు. వారంలో వెనక్కి తిరిగాడు. గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా బీజాపూర్‌కు సాయంగా నేక్‌నామ్ ఖాన్ కింద 12 వేల రౌతుల్నీ 40 వేల కాల్బలాన్నీ పంపాడు. శివాజీ సేనాని నేతాజీ పాల్కర్ డబ్బుకు బీజాపూర్ వైపు వెళ్లిపోయాడు.

శివాజీని ఆగ్రాకు పంపాలన్న ఆలోచన ఇక్కడ బలపడింది. ఆదిల్‌షా, కుతుబ్‌షా ఒకటయ్యారు కాబట్టి శివాజీ మనసు ఎలాగైనా గెలుచుకుని ఉత్తరాదికి పంపెయ్యాలని జైసింగే పాదుషాకు రాశాడు. గోల్కొండ సైన్యం కదలడానికీ, ఆగ్రా దర్బారుకీ మధ్య ఇంత దగ్గరి లింకు ఉందని మన పాఠాల్లో నేనెప్పుడూ చదవలేదు. శివాజీ తటపటాయిస్తే జైసింగ్ మళ్లీ ప్రమాణం చేశాడు. ఆగ్రాలో ఉన్న కొడుకు రామ్‌సింగ్‌ను పూచీగా పెట్టాడు. దర్బారులో నిలబడనని చెప్పిన మనిషిని నచ్చజెప్పి దర్బారుకు పంపాడు.

1666 మే 12, ఔరంగజేబు పుట్టినరోజు దర్బారు. శివాజీని 5000 మన్సబ్దార్ల వరసలో వెనక నిలబెట్టారు. ముందున్నది జస్వంత్‌సింగ్ అని తెలిసేసరికి ఆయన కోపం కట్టలు తెంచుకుంది. ఆ తర్వాత జరిగినవి ఆంబేర్ ఉద్యోగులు ఇంటికి రాసుకున్న రాజస్థానీ ఉత్తరాల్లో రోజువారీగా దొరుకుతాయి. శివాజీని చంపే ఆలోచన నడుస్తోందని తెలిసి రామ్‌సింగ్ మీర్ బక్షీ (సైన్యం పద్దుల పెద్ద అధికారి) దగ్గరికి వెళ్లి, ఆయన మా నాన్న అభయం మీద వచ్చాడు, ముందు నన్ను చంపండి అన్నాడు. అయితే నువ్వే జామీను రాసివ్వు అన్నాడు పాదుషా. రామ్‌సింగ్ రాసిచ్చాడు. దక్కనులో ఈ వార్తలు వింటున్న జైసింగ్ పరిస్థితి ఊహించొచ్చు: శివాజీని చంపితే తన ప్రమాణం పోతుంది, శివాజీ పారిపోతే కొడుకు జామీను పోతుంది. శివాజీకి హాని చెయ్యొద్దని, రామ్‌సింగ్‌ను ఆ జామీను నుంచి తప్పించమని రాస్తూ వచ్చాడు.

ఆగస్టులో శివాజీ తప్పించుకున్నాడు. రామ్‌సింగ్‌కు దర్బారు ప్రవేశం బంద్, మన్సబ్ ఊడింది. జైసింగ్ బీజాపూర్‌లో ఓడిన సేనాని, అనుమానితుడి తండ్రి. ఆ స్థితిలో వజీరు జాఫర్ ఖాన్‌కు ఆయన రాసిన ఒక ఉత్తరం మిగిలింది. శివాజీ కూతుర్ని తన కొడుక్కి చేసుకుంటానని కబురు పెట్టి, ఆ సాకుతో రప్పించి, దారిలో చంపించడానికి సిద్ధమని అందులో ఉంది. శివాజీ కులం తమకు సరితూగదని, ఆ పిల్లను ఎలాగూ ఇంట్లోకి తెచ్చేది లేదని కూడా రాశాడు. ఆయన్ని వీరుడిగా చూడాలనుకునేవాళ్లు ఈ ఉత్తరాన్ని దాటేస్తారు. దాటెయ్యాల్సిన పని లేదు. జీవితమంతా మాట మీద బతికిన మనిషి, ఆ మాటకు తన యజమానే విలువ ఇవ్వకుండా చేశాక, దాన్ని వలగా వాడటానికి కూడా ఒప్పుకున్నాడు. శివాజీ మళ్లీ ఆయన ప్రమాణాన్ని నమ్మి వచ్చేంత అమాయకుడు కాదు. ఆ పథకం ఉత్తరం దాటలేదు.

1667లో ఆయన్ని తప్పించి యువరాజు ముఅజ్జమ్‌ను పంపారు. బీజాపూర్ యుద్ధంలో సొంత సొమ్ము భారీగా పోసుకున్న జైసింగ్, ఔరంగాబాద్‌లో బాధ్యతలు అప్పగించి ఉత్తరానికి బయల్దేరి ఆగస్టులో బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. విషప్రయోగం అన్న పుకార్లు అప్పుడే పుట్టాయి. ఒకరు పాదుషా మీద వేశారు, ఇంకొకరు ఆయన మున్షీ ఉదయరాజ్ మీద. నిరూపణ లేదు. చిత్రమేమిటంటే పైన చెప్పిన ఉత్తరాల్లో చాలావాటిని భద్రపరిచింది ఆ ఉదయరాజే.

రామ్‌సింగ్‌కు గద్దె ఇచ్చారు కానీ, అస్సాం యుద్ధానికి తోలారు. 1671లో సరాయిఘాట్ దగ్గర అహోం సేనాని లచిత్ బర్ఫుకన్ చేతిలో ఓడాడు. 1678 డిసెంబరులో జస్వంత్‌సింగ్ జమ్రూద్‌లో వారసుడు లేకుండా చనిపోతే, ఔరంగజేబు మార్వాడ్ వతన్‌ను ఖాల్సాలో (పాదుషా సొంత భూముల్లో) కలిపేసుకున్నాడు. మరుసటి ఏడాది జిజియా (ముస్లిమేతరుల మీది పన్ను) తిరిగి వచ్చింది. జస్వంత్ వంశం రాఠోడ్లు ఆయన పోయాక పుట్టిన పసివాణ్ణి ముందు పెట్టుకుని తిరగబడ్డారు, మేవాడ్ వాళ్లతో కలిసింది. ఆంబేర్ కలవలేదు. అప్పటికి రామ్‌సింగ్ పాదుషా కొలువులోనే ఉన్నాడు.